22 నిమిషాలు మిగిలాయి, 4 పాయింట్లు పోయాయి: ఎయిర్ పిస్టల్ పోటీలో అసలేం జరుగుతుంది?

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక నంబర్‌తో మొదలుపెడతాను. 521. నేను ఆడిన మొట్టమొదటి ఎయిర్ పిస్టల్ పోటీలో నా స్కోరు ఇది. అక్కడ్నుంచి పై పోటీకి వెళ్లాలంటే కావాల్సిన కటాఫ్ 525. నాలుగంటే నాలుగు పాయింట్లు తక్కువ.

ఓడిపోవడం పెద్ద విషయం కాదు, ఆటన్నాక ఓడిపోతాం. కానీ నాకు రెండు రాత్రులు నిద్ర పట్టనివ్వనిది ఇంకోటి ఉంది. నా ఆఖరి షాట్ కాల్చేసి పిస్టల్ కింద పెట్టి స్క్రీన్ చూస్తే, టైమర్‌లో ఇంకా 22 నిమిషాలు మిగిలున్నాయి. అంత టైమ్ చేతిలో పెట్టుకుని నేను తొందరపడ్డాను. ఎందుకు తొందరపడ్డానో అర్థం చేసుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. మీకు ఈ ఒక్క ఎపిసోడ్‌లో చెప్పేస్తాను.

2024 పారిస్ ఒలింపిక్స్ తర్వాత ఈ ఆట గురించి అడిగేవాళ్లు బాగా పెరిగారు. టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ గుర్తున్నాడు కదా? మామూలు కళ్లజోడు, టీషర్టు, ఒక చెయ్యి జేబులో. మీమ్స్‌తో మన ఫోన్లన్నీ నిండిపోయాయి. మిక్స్‌డ్ టీమ్‌లో రజతం పట్టుకెళ్లాడు. జేబులో చెయ్యి పెట్టడం స్టైల్ అనుకున్నారు చాలామంది. స్టైల్ కాదు. ఖాళీగా ఉన్న చెయ్యి వేలాడుతూ ఉంటే ఒళ్లు ఊగుతుంది. అందుకే దాన్ని ఎక్కడో ఒకచోట కదలకుండా పెట్టాలి. జేబులో పెట్టుకోవచ్చు, బెల్టుకు బొటనవేలు తగిలించుకోవచ్చు. మా రేంజ్‌లో పదేళ్ల పిల్లలు కూడా అలాగే నిలబడతారు.

ముందు ఆట రూల్స్ చూద్దాం

నుమాయిష్‌లోనో, ఊళ్లో జాతరలోనో బెలూన్లు కాల్చే తుపాకీ పట్టుకునే ఉంటారు. రెండు చేతులతో పట్టుకుని, భుజానికి ఆనించి, ఒక కన్ను మూసి ఢాం. ఇది అలా కాదు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో ఒంటి చేత్తోనే పట్టుకోవాలి. చెయ్యి దేనికీ ఆనకూడదు. ఆ చేతికి వాచీ, బ్యాండు, కడియం ఏదీ ఉండకూడదు. స్మార్ట్‌వాచ్ కూడా తీసి బ్యాగులో పెట్టాల్సిందే.

(స్క్రీన్ మీద టార్గెట్ కార్డు చూపిస్తూ)

ఇదిగో ఇదీ టార్గెట్. 17 సెంటీమీటర్ల చదరం. ఫోన్ నిలబెడితే దాదాపు అంతే ఎత్తు ఉంటుంది. మధ్యలో ఈ నల్ల గుండ్రం 59.5 మిల్లీమీటర్లు. దాని నడుమ 10 పాయింట్ల గుండ్రం 11.5 మిల్లీమీటర్లు. మీ చొక్కా గుండీ ఒకసారి చూసుకోండి, ఇంచుమించు అంతే. పది మీటర్ల అవతల ఉన్న చొక్కా గుండీని ఒంటి చేత్తో కొట్టాలి. 60 సార్లు.

పెల్లెట్ సైజు 4.5 మిల్లీమీటర్లు. పిస్టల్ బరువు 1500 గ్రాములు మించకూడదు, మామూలుగా కిలోకి అటూ ఇటూ ఉంటుంది. ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మోయాలి. పోటీకి ముందు అర కిలో బరువు తగిలించి చెక్ చేస్తారు. ట్రిగ్గర్ ఆ బరువుకు జారిపోయిందంటే సరిచేసుకుని రమ్మంటారు.

ముందు 15 నిమిషాలు ప్రిపరేషన్, సైటింగ్. ఈ టైమ్‌లో ఎన్ని కాల్చినా లెక్కలోకి రావు. తర్వాత 60 షాట్లకు 75 నిమిషాలు, ఎలక్ట్రానిక్ టార్గెట్ అయితే. పేపర్ టార్గెట్ అయితే 90 నిమిషాలు. క్వాలిఫికేషన్‌లో దశాంశాలుండవు, పూర్తి అంకెలే. అందుకే మొత్తం 600కి లెక్క. 2018 నుంచి అమ్మాయిలకు కూడా 60 షాట్లే, అంతకుముందు 40 ఉండేవి.

ఇప్పుడు ఒక చిన్న పని చేయండి. లీటరు నీళ్ల బాటిల్ తీసుకోండి. చెయ్యి పక్కకు పూర్తిగా చాపి, భుజం ఎత్తులో పది సెకన్లు పట్టుకోండి. వీడియో పాజ్ చేసి చేయండి, నేనెక్కడికీ పోను.

చేశారా? బాటిల్‌లో నీళ్లు చూశారా, ఎలా వణుకుతున్నాయో? పోటీలో ఇది కనీసం 60 సార్లు. కనీసం అని ఎందుకన్నానో గుర్తుపెట్టుకోండి, మళ్లీ అక్కడికే వస్తాం.

అర్జునుడి కథ ఇక్కడ తిరగబడుతుంది

చిన్నప్పుడు మనందరం విన్న కథ. ద్రోణాచార్యుడు అడుగుతాడు, ఏం కనిపిస్తోంది అని. పక్షి కన్ను మాత్రమే కనిపిస్తోంది అంటాడు అర్జునుడు. మొదటి రోజు రేంజ్‌లో నేనూ అదే చేశాను. టార్గెట్ మధ్యలోకి కళ్లు పెద్దవి చేసుకుని చూశాను. మా కోచ్ సార్ వెనకాల నుంచి, "టార్గెట్ చూడకు బాబూ" అన్నారు. నాకు నవ్వొచ్చింది. టార్గెట్ చూడకుండా కొట్టడమేంటి?

పిస్టల్ చివర ఒక చిన్న దిమ్మలాంటిది ఉంటుంది, అది ఫ్రంట్ సైట్. మన కంటికి దగ్గర్లో ఒక గాడి ఉంటుంది, అది రేర్ సైట్. దిమ్మ గాడి మధ్యలో నిలబడాలి, రెండు పక్కలా సమానంగా వెలుతురు కనపడాలి, పైభాగాలు ఒకే గీతలో ఉండాలి. కన్ను ఆ ఫ్రంట్ సైట్ మీదే ఉండాలి. టార్గెట్ వెనకాల మసకగా కనిపించాలి. ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ పెడితే మనిషి స్పష్టంగా, వెనకాల గోడ బ్లర్‌గా వస్తుంది కదా, అలా అన్నమాట.

ఎందుకలా? బీటెక్ చదివిన పాపానికి నేను లెక్క వేసి చూసుకున్నాను. ఓపిక పట్టండి, చాలా చిన్న లెక్క.

పెల్లెట్ అంచు గీతకు తగిలినా పాయింట్ ఇస్తారు. అంటే పెల్లెట్ నడిబొడ్డు మధ్య నుంచి 8 మిల్లీమీటర్ల లోపల పడితే 10. అక్కడి నుంచి ప్రతి 8 మిల్లీమీటర్లకూ ఒక పాయింట్ తగ్గుతుంది.

మొదటి తప్పు: సైట్లు రెండూ సరిగ్గా కుదిరాయి, కానీ చెయ్యి మొత్తంగా 8 మిల్లీమీటర్లు పక్కకు జరిగింది. పెల్లెట్ కూడా 8 మిల్లీమీటర్లే జరుగుతుంది. ఇంకా 10 వస్తుంది.

రెండో తప్పు: చెయ్యి కదల్లేదు, కానీ మణికట్టు తిరిగి ఫ్రంట్ సైట్ గాడి మధ్య నుంచి పక్కకు పోయింది. రెండు సైట్ల మధ్య దూరం 32 సెంటీమీటర్లు అనుకుందాం. టార్గెట్ 10 మీటర్ల దూరంలో ఉంది. అంటే ఇక్కడ జరిగిన తప్పు అక్కడికి చేరేసరికి 31 రెట్లు అవుతుంది. ఫ్రంట్ సైట్ పావు మిల్లీమీటర్ జరిగితే అక్కడ 8 మిల్లీమీటర్లు. మీ ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. అంత జరిగిందంటే 10 కాస్తా 8 అయిపోతుంది, అదీ బొటాబొటిగా.

అర్థమైందా? చెయ్యి ఊగడం పెద్ద శత్రువు కాదు. ఎవరి చెయ్యైనా ఊగుతుంది, ఒలింపిక్ షూటర్ చెయ్యి కూడా ఊగుతుంది, కాకపోతే కాస్త తక్కువ. ఆ ఊగే చేతిని ఒప్పుకుని, సైట్లు కుదిరి ఉన్నంతసేపు ట్రిగ్గర్ మీద మెల్లగా ఒత్తిడి పెంచుతూ పోవాలి. కొత్తవాళ్లు చేసే తప్పేంటంటే, ఊగుతూ ఊగుతూ మధ్యలోకి వచ్చిన క్షణాన్ని పట్టుకుందామని టక్కున నొక్కుతారు. ఆ టక్కున నొక్కడంలోనే మణికట్టు తిరుగుతుంది. 9 వచ్చేది 6 అవుతుంది.

ఒక షాట్‌లో ఏముంటుంది

పిస్టల్ టార్గెట్ కంటే పైకి ఎత్తాలి. ఊపిరి మెల్లగా వదులుతూ కిందకు దించుతూ రావాలి. నల్ల గుండ్రం కింద, తెల్ల భాగంలో సైట్లు స్థిరపడనివ్వాలి. చాలామంది గురి పెట్టేది గుండ్రం మధ్యలో కాదు, దాని కిందే. నలుపు మీద నల్ల సైట్ కనిపించదు కదా, తెలుపు మీద అయితే స్పష్టంగా కనిపిస్తుంది. పెల్లెట్ పైన మధ్యలో పడేలా సైట్‌ని సెట్ చేసుకుంటారు. స్థిరపడ్డాక ఐదారు సెకన్ల లోపల షాట్ వెళ్లిపోవాలి. వెళ్లాక కూడా ఒకట్రెండు సెకన్లు అలాగే ఉండాలి.

ఆ టైమ్ దాటితే? కండరాలు అలిసిపోతాయి, వణుకు పెరుగుతుంది. ఫ్రంట్ సైట్ మీద అంతసేపు నిలిపిన కన్ను కూడా అలిసిపోతుంది. చూపు మసకబారిందన్న సంగతి మనకు తెలీను కూడా తెలీదు. అప్పుడు చేయాల్సింది ఒక్కటే. నొక్కకుండా పిస్టల్ కిందకు దించేయడం. ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదటి నుంచి.

రూల్స్ ప్రకారం ఎన్నిసార్లు దించినా తప్పు లేదు, పాయింట్ పోదు. టైమ్ సంగతంటారా? 75 నిమిషాలను 60తో భాగించండి. షాట్‌కి 75 సెకన్లు. ఎత్తి కాల్చడానికి పట్టేది పది, పదిహేను సెకన్లు. అంటే ఈ ఆట రూల్సే మనకు దించుకోవడానికి కావాల్సినంత టైమ్ ఇచ్చాయి.

నా 60 షాట్లు

సరే, ఇప్పుడు నా కథ. ప్రాక్టీస్‌లో నాకు 540 దాకా వచ్చేది. పోటీ రోజు పది రౌండ్లు పరిగెత్తినట్టు గుండె కొట్టుకుంది. ఎత్తిన చెయ్యి గుండె చప్పుడుకు ఎగిరిపడటం కళ్లారా చూశాను. పది షాట్లను ఒక సిరీస్ అంటారు. నా ఆరు సిరీస్‌లు ఇవీ: 84, 88, 89, 90, 91, 79.

చూశారుగా, ఐదో సిరీస్ దాకా మెరుగవుతూనే వచ్చాను. 442 అయింది. ఇంకో 83 కొడితే చాలు. ఆ లెక్క నా తలలోకి వచ్చిన నిమిషమే కొంప మునిగింది. ఇంకో 83, ఇంకో 83 అనుకుంటూ ఎత్తాను. 54వ షాట్. చెయ్యి స్థిరపడలేదు. పది సెకన్లయింది. పదిహేనయింది. భుజం మండుతోంది. దించేయ్ అని లోపల ఎవరో చెప్తున్నారు. దించలేదు. నొక్కేశాను.

4.

దాని తర్వాత షాట్లన్నీ, ఎప్పుడు అయిపోతుందా అన్నట్టు కాల్చాను. బయటికొచ్చాక కోచ్ సార్ టార్గెట్ ప్రింటవుట్ చూసి ఒక్కటే అడిగారు.

"ఈ నాలుగు ఎట్ల పడ్డదో చెప్పు."

"చెయ్యి ఊగింది సార్."

"ఊగుతున్నదని నీకు ఎప్పుడు తెలిసింది? కాల్చినాకనా, కాల్చకముందా?"

"కాల్చకముందే సార్."

"మరెందుకు నొక్కినవ్?"

నా దగ్గర సమాధానం లేదు. ఆ ఒక్క షాట్ దించి, మళ్లీ ఎత్తి, మామూలు 9 కొట్టినా 526 అయ్యేది. కటాఫ్ దాటేది.

నా పక్క లేన్‌లో తొమ్మిదో క్లాస్ చదివే అమ్మాయి ఆడింది. ఒక షాట్‌కి నాలుగైదు సార్లు ఎత్తడం, దించడం. మధ్యలో కుర్చీలో కూర్చుని నీళ్లు తాగింది. నేను కాల్చేటప్పుడు ఓరకంట చూసి, పాపం భయపడుతోంది అనుకున్నాను. తనకు 558 వచ్చింది. అయిపోయాక వెళ్లి, అన్నిసార్లు దించడం ఇబ్బందిగా అనిపించలేదా అని అడిగాను. "దించితే సున్నా వేయరు కదా అన్నా" అంది. అంతే. మా ఆఫీసులో నాలుగేళ్లలో నేర్చుకోలేనిది ఆ పాప ఒక్క మాటలో చెప్పింది.

ఆఫీసు ఎందుకు తెచ్చానంటే, నేను అక్కడా ఇదే తప్పు చేసేవాణ్ని. టెస్ట్ ఫెయిల్ అవుతోందని తెలుసు. టీమ్ అంతా చూస్తోంది, ఇప్పుడు ఆపితే చేతకాలేదనుకుంటారేమో అని బటన్ నొక్కేసేవాణ్ని. తర్వాత రాత్రంతా కూర్చుని సరిచేసేవాణ్ని. అక్కడైతే వెనక్కి తీసుకోవచ్చు. ఇక్కడ పెల్లెట్ వెనక్కి రాదు.

రెండో పోటీకి ఒకే ఒక్క టార్గెట్ పెట్టుకున్నాను. స్కోరు లెక్క పెట్టను, దించినవి లెక్క పెడతాను. 27 సార్లు దించాను. 3 నిమిషాలు మిగిలాయి. 534 వచ్చింది. ఇదేం పెద్ద స్కోరు కాదు, నేషనల్స్ నాకింకా చాలా దూరం. కానీ ఆ రోజు నేను ఇష్టం లేకుండా నొక్కిన షాట్ ఒక్కటీ లేదు.

పెద్దవాళ్ల దగ్గర కూడా ఇంతే సన్నటి తేడా

మను భాకర్‌ని చూడండి. టోక్యో ఒలింపిక్స్‌లో క్వాలిఫికేషన్ మధ్యలో పిస్టల్ మొరాయించింది. సరిచేయించుకుని వచ్చేసరికి విలువైన టైమ్ పోయింది. 575 కొట్టి 12వ స్థానంలో ఆగిపోయింది. ఫైనల్ రెండు పాయింట్ల దూరంలో పోయింది. మూడేళ్ల తర్వాత పారిస్‌లో అదే ఈవెంట్‌లో 221.7తో కాంస్యం. రజతం కోసం ఆడే ఛాన్స్ 0.1 తేడాతో తప్పింది. ఫైనల్లో దశాంశాలు లెక్కిస్తారు, ఒక షాట్‌కి గరిష్ఠంగా 10.9.

అదే పారిస్‌లో సరబ్‌జోత్ సింగ్‌కి 577 వచ్చింది. ఎనిమిదో స్థానంలో ఉన్న జర్మనీ షూటర్‌కీ 577. టై అయితే ఇన్నర్ టెన్‌లు లెక్కపెడతారు, అంటే 10 లోపల ఉండే 5 మిల్లీమీటర్ల గుండ్రంలో పడినవి. అతనికి 17, మనవాడికి 16. ఒక్కటి తక్కువై తొమ్మిదో స్థానం, ఫైనల్ లేదు. కానీ మూడు రోజుల తర్వాత మనుతో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో దక్షిణ కొరియా మీద 16-10తో కాంస్యం గెలిచాడు.

మన హైదరాబాద్ అమ్మాయి ఇషా సింగ్ 2018లో, 13 ఏళ్లకే, ఇదే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. నా పక్క లేన్‌లో అన్ని స్కూల్ పిల్లలు ఎందుకున్నారో ఇప్పుడర్థమైందా?

మీరు మొదలుపెట్టాలంటే

మొదటి మాట: పిస్టల్ కొనకండి. విదేశీ మ్యాచ్ పిస్టల్ ధర లక్ష పైమాటే. ముందు మీ రాష్ట్ర రైఫిల్ అసోసియేషన్‌కి అనుబంధంగా ఉన్న రేంజ్‌కి వెళ్లండి. చాలా చోట్ల నేర్చుకునేవాళ్లకు రేంజ్ పిస్టల్ ఇస్తారు. కనీసం మూడు నెలలు దాంతోనే కాల్చండి. పిడి మీ చేతికి కుదరడం ముఖ్యం, అది ఆన్‌లైన్‌లో ఫొటో చూస్తే తెలీదు.

రెండోది: రాష్ట్ర అసోసియేషన్లన్నీ నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా కింద ఉంటాయి. క్లబ్, జిల్లా పోటీల నుంచి రాష్ట్ర స్థాయి, అక్కడ్నుంచి ప్రీ నేషనల్స్, ఆ తర్వాత నేషనల్స్. ఒక్కో మెట్టుకు ఒక కనీస స్కోరు ఉంటుంది. వయసు విభాగాలు వేరు, 21 లోపు జూనియర్. ఉద్యోగంలో చేరాక కూడా మొదలుపెట్టొచ్చు, కాకపోతే జూనియర్లు సీనియర్ విభాగంలోనూ ఆడొచ్చు కాబట్టి మెడల్ కోసం వాళ్లతోనూ పోటీ పడాల్సి రావచ్చు.

మూడోది చట్టం. 4.5 మిల్లీమీటర్ల కంటే పెద్దది కాకుండా, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కి 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. పోటీ పిస్టళ్లు అంతకంటే చాలా తక్కువ శక్తివే. అలాగని బొమ్మ కాదు. కన్ను పోతుంది. పెట్టెలో పెట్టి, ఖాళీ చేసి తీసుకెళ్లాలి. దాంతో రీల్స్ చేయడం, ఎవరి వైపైనా సరదాకి చూపించడం... ప్లీజ్, చేయొద్దు. రోడ్డు మీద చూసేవాళ్లకు అది ఎయిర్ పిస్టల్ అని తెలీదు.

నాలుగోది భద్రత. గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే. కాల్చేదాకా వేలు ట్రిగ్గర్ బయటే. కాల్చనప్పుడు గొట్టంలో సేఫ్టీ ఫ్లాగ్, అంటే రంగు దారం లాంటిది, కనిపించాలి. 'స్టాప్' అని వినపడితే ఎంత మంచి గురిలో ఉన్నా ఆపేయాలి. పెల్లెట్లు సీసంతో చేస్తారు, కాబట్టి తినేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఇక అన్నిటికంటే ముఖ్యంగా, ప్రాక్టీస్‌లో నూటికి నూరు వచ్చేదాకా ఆగుదాం, తర్వాత పోటీకి వెళ్దాం అనుకోవద్దు. ఆ రోజు ఎప్పటికీ రాదు. ప్రాక్టీస్‌లో చెయ్యి ఎంత ఊగుతుందో తెలుస్తుంది. ఎవరో చూస్తున్నప్పుడు, ఇంకో 83 కావాలన్నప్పుడు మనసు ఎంత ఊగుతుందో పోటీలోనే తెలుస్తుంది. నేను 521 కొట్టకపోయి ఉంటే 27 సార్లు దించడం నేర్చుకునేవాణ్ని కాదు.

వచ్చే నెల నా మూడో పోటీ. స్కోరు ఎంతొచ్చినా వచ్చి చెప్తాను. ఎన్నిసార్లు దించానో కూడా చెప్తాను. అప్పటిదాకా ఆ నీళ్ల బాటిల్‌తో రోజుకు పదిసార్లు ప్రాక్టీస్ చేయండి. భుజం మండిందంటే దించేయండి. దించితే సున్నా వేయరు.

ఉంటాను ఫ్రెండ్స్, బై.